కర్ర ఎత్తుటకు మాత్రమే అనుమతి

పెద్దాసుపత్రిలోని శాఖాధిపతులందరూ ప్రతి సోమ, గురువారాల్లో మధ్యాహ్నం మూడు నుంచి నాలుగున్నర దాకా రెండు చేతులూ కలిపి కుడి భుజం మీదుగా వెనక్కి, పైకి ఎత్తవలెనని, ఎత్తునప్పుడు ఎడమ మోచేయి వంగరాదని సూపరింటెండెంటు గారు ఉత్తర్వు జారీ చేశారు. రోగులకు అసౌకర్యం కలగకుండా ఆ వేళల్లో రోగులను లోపలికి రానివ్వరాదని కూడా అందులోనే ఉంది. ఇంత ముందుచూపు గల ఉత్తర్వు ఈ మధ్యకాలంలో వెలువడలేదని అందరూ ఒప్పుకున్నారు. ఒప్పుకోనివారు చెయ్యెత్తవలసిందిగా కోరినప్పుడు ఒక్క చెయ్యీ లేవలేదు కనుక ఒప్పుకున్నట్టే.

ఈ ఉత్తర్వు వెనక ఒక గడ్డిపెల్ల ఉంది. కొత్తగా వచ్చిన డైరెక్టరు గారికి గోల్ఫ్ అంటే ప్రాణం. అంతకుముందున్న డైరెక్టరు గారికి గులాబీలంటే ప్రాణం కాబట్టి ఆసుపత్రి ఆరేళ్లపాటు గులాబీలు పెంచింది. ఆపరేషన్ థియేటరు గుమ్మానికి నేటికీ అడ్డంగా ఉన్న కుండీలు ఆనాటి భక్తికి గుర్తులు. కొత్తాయన రాగానే సూపరింటెండెంటు గారు తోట కత్తెర పక్కన పెట్టి గోల్ఫ్ కర్రల సంచీ భుజాన వేసుకున్నారు. తెల్ల టోపీ కొన్నారు. ఎడమ చేతికి తొడుగు కొన్నారు. మైదానంలో పై అధికారి చూస్తుండగా తొలిసారి కర్ర ఎత్తి, ఒంట్లో బలమంతా కూడదీసుకుని ఒక్కటి కొట్టారు. బంతి ఉన్నచోటే ఉంది. దాని పక్కనున్న గడ్డిపెల్ల మాత్రం లేచి వెళ్లి డైరెక్టరు గారి బూటు మీద కూర్చుంది.

డైరెక్టరు గారు బూటు వంక చూసుకుని, "ముందు ఆ చేతుల సంగతి చూసుకోవయ్యా" అన్నారు.

మరొకరైతే సిగ్గుపడి ఊరుకునేవారు. సూపరింటెండెంటు గారు దీన్ని మౌఖిక ఉత్తర్వుగా స్వీకరించారు. మర్నాడు పదింటికల్లా "విషయము: చేతుల సంగతి చూచుట గురించి" అని ఒక ఫైలు పుట్టింది. ఇరవై ఎనిమిదేళ్ల సర్వీసులో ఏ తప్పూ ఆయనది కాదు, కిందివాళ్లదే. ఒంట్లో కిందివాళ్లంటే కండరాలు. కాబట్టి ఆ రోజు ఏ కండరం విధి నిర్వహణలో అలసత్వం చూపిందో తేల్చడానికి ముగ్గురు సభ్యుల సంఘం వేశారు. ఎముకల డాక్టరు, హెడ్ క్లర్కు, కీళ్లమ్మ అందులో సభ్యులు.

కీళ్లమ్మ అంటే ఫిజియోథెరపిస్టు. కింది అంతస్తు వరండా చివరి గదిలో పట్టేసిన మెడలనూ, బిగుసుకున్న మోకాళ్లనూ, లేవని చేతులనూ బతిమాలి దారికి తేవడం ఆమె పని. నేను డాక్టర్ని కాదమ్మా అని ఎంత మొత్తుకున్నా రోగులు ఆమెను డాక్టరమ్మా అంటారు. ఆ ప్రమాదం జరక్కుండా డాక్టర్లు కీళ్లమ్మ అంటారు. ఆ గదిలో ఒక ఎత్తు బల్ల, మైనం కరిగించే తొట్టి, గోడకు చెక్క మెట్లు, పైకప్పుకు ఒక కప్పీ ఉన్నాయి. కప్పీకి తాడు లేదు. ఉన్న రోజుల్లో దాని కింద కుర్చీ వేసుకుని, బాగున్న చేత్తో ఒక కొస లాగితే, రెండో కొస పట్టుకున్న జబ్బు చెయ్యి మెల్లగా పైకి లేచేది. పద్నాలుగు నెలల కిందట తాడు తెగింది. కీళ్లమ్మ పదకొండు ఉత్తరాలు రాసింది. పదకొండింటికీ "పరిశీలనలో ఉన్నది" అని మర్యాదగా జవాబొచ్చింది. ఇక లాభం లేదని ఇంటి నుంచి బట్టలారేసే తాడు తెచ్చి కడితే, ఆమోదం లేని తాడని హెడ్ క్లర్కు స్వయంగా వచ్చి, బల్లెక్కి విప్పి తీసుకుపోయారు.

ఆ తాడు కోసం అందరికంటే ఎక్కువగా ఎదురుచూస్తున్నవాడు ఇళ్లకు రంగులు వేసే ఒకాయన. వయసు యాభై దాటింది. కుడి భుజం బిగుసుకుపోయి చెయ్యి రొమ్ము దాటి లేవదు. ఏడు నెలలుగా మేస్త్రీ అతనికి గోడల కింది సగమే ఇస్తున్నాడు. పై సగానికీ, పైకప్పుకీ వేరే మనుషులు. తోటి పనివాళ్లు అతనికి అరగోడ అని పేరు పెట్టారు. ఆ పేరుకు నవ్వుతూనే పలుకుతాడు గానీ, ఒకరోజు మాత్రం, "పైకప్పు వెయ్యలేనోడు రంగులోడేంటమ్మా" అన్నాడు. తాడు లేదు కాబట్టి కీళ్లమ్మ అతని చేత వరండా గోడ మీద వేళ్లు పాకించేది. చూపుడువేలూ నడిమివేలూ చీమ పాకినట్టు గోడ పట్టుకుని పైకి పోవాలి, నొప్పి ఆపిన చోట పెన్సిలుతో గీత పెట్టాలి. గీతకూ గీతకూ మధ్య గింజ పట్టేంత దూరం కూడా ఉండేది కాదు.

సంఘం తొలి సమావేశంలో కీళ్లమ్మ గది తుడిచే కర్ర పట్టుకుని నిలబడి, బ్యాక్‌స్వింగ్ అంటే ఏమిటో తనకు తెలిసినంత విప్పి చెప్పింది. బంతిని కొట్టే ముందు కర్రను వెనక్కీ పైకీ తీసుకుపోవడమే బ్యాక్‌స్వింగ్. చేతులు తమంతట తాము ఎత్తకూడదు. మొండెం కుడివైపు తిరుగుతుంటే దాని వెంట వెళ్లాలి. ఎడమ చెయ్యి రొమ్ముకు అడ్డంగా చాచి ఉండాలి, దాన్ని వంగనివ్వకుండా చూసేది మోచేతి పైన వెనకవైపు ఉన్న కండరం. కుడి మోచెయ్యి ముడుచుకుంటుంది. ఎడమ భుజం రెక్క వెన్ను నుంచి దూరంగా జారుతుంది, కుడి రెక్క వెన్ను దగ్గరకు చేరుతుంది. ముంజేతులు కొంచెం మెలి తిరుగుతాయి, మణికట్లు బొటనవేలి వైపు వంగుతాయి. నడుము నుంచి చంక దాకా పరుచుకున్న వెడల్పాటి వీపు కండరం సాగుతుంది. ఇంత జరుగుతుంటే భుజం గుండు తన గిన్నెలోంచి జారిపోకుండా నాలుగు చిన్న కండరాలు పట్టుకుని ఉంటాయి. వాటిని ఎవరూ మెచ్చుకోరు, అవి అలిగినప్పుడు గానీ ఉన్నట్టే తెలియదు.

హెడ్ క్లర్కు అంతా రాసుకుని కలం ఆపారు.

"ఆ టైములో ఎడమ చేతి జబ్బ కండ ఏం చేస్తుంటుందమ్మా?"

"అదేం చెయ్యకూడదండీ. వదులుగా ఊరుకోవాలి. అది బిగిస్తే మోచెయ్యి వంగుతుంది."

"ఊరుకోవాలా? డ్యూటీ టైములో?"

"ఒకటి పనిచెయ్యాలంటే దానికి ఎదుటిది వదలాలండీ. ఒళ్లంతా అంతే."

"అట్లా రాస్తే పైవాళ్లు ఒప్పుకోరమ్మా" అన్నారు హెడ్ క్లర్కు. ఎముకల డాక్టరు గారు ఇద్దరూ చెప్పింది నిజమేనన్నారు.

చివరికి ఎడమ జబ్బ కండకు మెమో వెళ్లింది. అనుమతి లేకుండా బిగిసినందుకు ఎందుకు చర్య తీసుకోరాదో వారంలోగా చెప్పుకోమన్నారు. కండరం చదువుకోలేదు కాబట్టి దాని తరఫున సూపరింటెండెంటు గారే సమాధానం రాశారు. దాన్ని సూపరింటెండెంటు గారే పరిశీలించి, తొలి తప్పిదంగా భావించి, హెచ్చరికతో వదిలేశారు. ఆ ఉదారత గురించి క్యాంటీన్లో రెండు రోజులు చెప్పుకున్నారు.

కీళ్లమ్మ నివేదిక ముప్పై నాలుగు పేజీలు వచ్చింది. మొదటి భాగం కర్ర ఎత్తుట, రెండో భాగం కర్ర దించి కొట్టుట. ఆమె కూడా ఆసుపత్రి ఉప్పు తిన్న మనిషే కాబట్టి ఒక చిన్న తెలివి చూపింది. రెండో భాగం ఆఖరి పేజీలో, భుజాల శిక్షణకు కప్పీ తాడు అత్యవసరం అని ఒక వాక్యం చేర్చింది. గోల్ఫ్ కోసమని అడిగితే తాడేం ఖర్మ, కప్పీలు కూడా వస్తాయని ఆమె లెక్క. అరగోడతో కూడా చెప్పేసింది, "ఈ నెలలో వచ్చేస్తుందన్నా" అని.

హెడ్ క్లర్కు నివేదికను రెండు ఫైళ్లు చేశారు. కర్ర ఎత్తడం వల్ల ఎవరికీ నష్టం లేదు, అందుకు సూపరింటెండెంటు గారి సంతకం చాలు. దించి కొడితే బంతి పోయి వార్డు కిటికీ అద్దాలకు తగలవచ్చు. ప్రభుత్వ ఆస్తికి భంగం కలిగే అవకాశమున్న ఏ కదలికకైనా డైరెక్టరు గారి ఆమోదం కావాలి. కాబట్టి మొదటి భాగం అమలులోకి వచ్చింది. రెండో భాగం, దాని తోకన ఉన్న తాడుతో సహా, డైరెక్టరు గారి బల్ల మీదికి పోయింది. "ఎత్తుటకు మాత్రమే అనుమతి. దించుట పై ఆమోదమునకు లోబడి ఉండును" అని సర్క్యులరు ప్రతి గదికీ అతికించారు.

శిక్షణకు తగినంత చోటు కీళ్లమ్మ గదిలోనే ఉందని తేలింది, రోగులను తీసేస్తే. తొమ్మిది మంది శాఖాధిపతులు వరసగా నిలబడి, కర్రలెత్తి, సూపరింటెండెంటు గారు ఒకటి నుంచి ఇరవై దాకా లెక్కపెట్టేదాకా అలాగే ఉండేవారు. ఇరవై తర్వాత కర్రను నెమ్మదిగా పక్కవాడికి అందించి ఖాళీ చేతులు దించుకునేవారు, ఎందుకంటే కర్ర దించడానికి అనుమతి లేదు, చేతులు దించడం గురించి సర్క్యులరులో ఏమీ లేదు. ఆఖరివాడి దగ్గర కర్రలన్నీ పోగయ్యేవి. ఆ స్థానం కళ్ల డాక్టరుకి దక్కింది, సర్వీసులో అందరికంటే చిన్నవాడు కాబట్టి. రోగులు వరండాలో బల్లల మీద కూర్చుని గాజు తలుపులోంచి చూసేవారు. చెయ్యి లేవనివాళ్లు బయటా, దించలేనివాళ్లు లోపలా ఉన్న ఆ దృశ్యాన్ని చూసి నవ్వాలో ఏడవాలో తెలియక కీళ్లమ్మ మైనం తొట్టి కడుగుతూ కూర్చునేది.

ఇంట్లో చీపురు పట్టుకుని ఎడమ రెక్క ఎంత జారుతుందో చూసుకుంటుంటే అత్తగారు గుమ్మంలో నిలబడిపోయింది.

"చీపురుతో ఆ భంగిమేంటే తల్లీ? బూజు అటు లేదు, ఇటుంది."

కీళ్లమ్మ నవ్వి జరిగిందంతా చెప్పింది. అత్తగారు సాంతం విని, "మరి మొదట్లోనే వద్దని చెప్పకపోయావా? చెయ్యెత్తమని అడిగారన్నావుగా" అంది.

"అది అడగడం వరకేనత్తయ్యా. ఎవరూ ఎత్తరు."

"నీకేమొచ్చింది? చేతులెత్తించడమేగా నీ ఉద్యోగం" అని అత్తగారు చీపురు లాక్కుని బూజు దులుపుకుంటూ పోయింది. కీళ్లమ్మకు ఆ మాట ఎక్కడో తగిలింది.

ఎట్టకేలకు డైరెక్టరు గారు చూడవచ్చిన రోజు రానే వచ్చింది. ఆసుపత్రి వెనక గడ్డి మీద షామియానా వేశారు. తొమ్మిది మందీ, వారి ముందు సూపరింటెండెంటు గారూ, ఒక్కసారిగా కర్రలెత్తారు. నిజం చెప్పాలంటే ఎత్తడం అద్భుతంగా ఉంది. పది ఎడమ మోచేతుల్లో ఒక్కటి వంగలేదు. మెమో అందుకున్న జబ్బ కండ కూడా బుద్ధిగా ఊరుకుంది. డైరెక్టరు గారు చప్పట్లు కొట్టి, బంతులు ఎటు పోతాయోనని దూరంగా చూడసాగారు. బంతులు ఎటూ పోలేదు. కాసేపటికి ఆయన కళ్ల మీద చెయ్యి అడ్డం పెట్టుకుని, "కొట్టరేమయ్యా?" అన్నారు.

హెడ్ క్లర్కు వంగి, "తమరి ఆమోదం రావాలండీ. ఫైలు తమరి దగ్గరే ఉంది. నెలైంది" అన్నారు.

ఫైలు తన దగ్గర ఆగిందని పదిమందిలో ఒప్పుకున్న డైరెక్టరు ఇంతవరకు పుట్టలేదు. ఆయన గొంతు సవరించుకుని మైకు అందుకున్నారు.

"మిత్రులారా! కొట్టడం ఎవడైనా కొడతాడు. తొందరపాటు మనుషుల లక్షణం అది. ఎత్తి, ఆగి, ఆలోచించి, ఇంకా ఆగడం, అదీ సంస్థ లక్షణం! ఈ రోజు నేనిక్కడ పది కర్రలను చూడటం లేదు. పది సంయమనాలను చూస్తున్నాను. దేశంలో ప్రతి ఆసుపత్రీ ఇలా ఎత్తి పట్టుకుని నిలబడగలిగిన నాడు..."

అలా ముప్పై అయిదు నిమిషాలు మాట్లాడారు. పది జతల చేతులు పైనే ఉన్నాయి. పదో నిమిషంలో భుజాలు వణికాయి, ఇరవయ్యో నిమిషంలో ఎముకల డాక్టరు కళ్లలో నీళ్లు తిరిగాయి, వాటిని డైరెక్టరు గారు ప్రసంగ ప్రభావంగా గుర్తించి అభినందించారు. ఎవరూ ఒళ్లు కదపలేదు. ఆయన కారు గేటు దాటాక చూస్తే, దించుకుందామన్నా దిగని భుజాలు కొన్ని ఉన్నాయి. పాపం, ఎవరూ మెచ్చుకోని ఆ నాలుగు చిన్న కండరాలూ పది భుజాల్లోనూ ఒకేసారి అలిగాయి.

మర్నాడు పొద్దున కీళ్లమ్మ గది ముందు వరసలో పదిమంది పెద్దలు. సూపరింటెండెంటు గారు జుట్టు దువ్వుకోలేకపోయారు. హెడ్ క్లర్కు కర్ర ఎత్తకపోయినా, ఐకమత్యం కోసం ఆయనకూ నొప్పి వచ్చింది. కప్పీకి తాడు లేదని తెలిసి సూపరింటెండెంటు గారు నిర్ఘాంతపోయారు. "ఇంతవరకు నాకెవరూ చెప్పలేదేం?" అని అడిగారు. సాయంత్రానికి తాడొచ్చింది. ఒకటి కాదు, పది. మెత్తగా, తెల్లగా, కొసలకు చెక్క పిడులతో.

"తాడొచ్చిందంటగా అమ్మా?" అన్నాడు అరగోడ వరండాలోంచి, ముఖం చేటంత చేసుకుని.

"వచ్చిందన్నా. వాళ్లవి అయ్యాక నీకు" అంది కీళ్లమ్మ. అంటున్నప్పుడే ఆమె మీద ఆమెకే కోపమొచ్చింది. వాళ్లవి ఎప్పటికీ అవలేదు. అరగోడ గోడ వైపు తిరిగి, నిన్నటి గీత నుంచి వేళ్లు పాకించడం మొదలుపెట్టాడు.

కష్టాల్లోంచి ఆలోచనలు పుట్టడం ఆ ఆసుపత్రికి కొత్త కాదు. ఇంత గొప్ప బ్యాక్‌స్వింగ్‌కు పుట్టినిల్లయిన ఆ గదిని శాశ్వతంగా "బ్యాక్‌స్వింగ్ అధ్యయన కేంద్రం" చెయ్యాలని, రోగుల వ్యాయామాలను గాలీ వెలుతురూ ధారాళంగా వచ్చే వరండాకు మార్చాలని సూపరింటెండెంటు గారికి తోచింది. తీర్మానం ఆమోదించడానికి శుక్రవారం సమావేశం పెట్టారు. ఆ మర్నాడే డైరెక్టరు గారి చేత ప్రారంభోత్సవం కాబట్టి రంగులు కూడా శుక్రవారమే.

గురువారం సాయంత్రానికి వరండా గోడ మీద అరగోడ గీతలు అతని నెత్తి దాకా చేరాయి. కీళ్లమ్మ అతని పక్కన నిలబడి, "రేపు మీటింగులో చెప్తానన్నా. గది ఇవ్వనని చెయ్యెత్తి చెప్తా" అంది.

"మీరెత్తుతారమ్మా" అన్నాడతను. "నా చేతనే ఇంతవరకు ఎత్తించారు. మీ చెయ్యి మీకో లెక్కా!"

ఆమె ఆ మాట నమ్మింది. ఇంటికెళ్లి అత్తగారికీ, మొగుడికీ చెప్పింది. పొద్దున ఇస్త్రీ చీర కట్టుకుని వచ్చింది.

సమావేశపు హాలు గోల్ఫ్ సామానుతో నిండిపోయినందువల్ల అందరూ కీళ్లమ్మ గదిలోనే కుర్చీలు వేసుకున్నారు. మూలనున్న నిచ్చెన మీద ఎవరో రంగు వేస్తుంటే వేస్తున్నారు. సూపరింటెండెంటు గారు తీర్మానం చదివి, ఎప్పటిలాగే, "అభ్యంతరం ఉన్నవారు చెయ్యెత్తండి" అని, మూడు లెక్కపెట్టడం మొదలుపెట్టారు. పందొమ్మిదేళ్లుగా ఆ మూడు అంకెల మధ్యలో ఒక్క చెయ్యీ లేవలేదు. "ఏకగ్రీవం" అనే మాట రాసి రాసి మణికట్టు నొప్పెట్టి హెడ్ క్లర్కు దానికో రబ్బరు ముద్ర చేయించుకున్నారు. ఇప్పుడూ దాన్ని సిరాపట్టీ మీద అద్ది పట్టుకున్నారు.

"ఒకటి" అన్నారు సూపరింటెండెంటు గారు.

శాఖాధిపతుల భుజాలకు వైద్య కారణాలున్నాయి, వాళ్లనేమీ అనలేం. కీళ్లమ్మ తన భుజాన్ని తానే పరీక్ష చేసుకుంది. భుజాన్ని కప్పిన పెద్ద కండరం బాగుంది. నాలుగు చిన్నవీ బాగున్నాయి. రెక్క ఎముక జారుతుంది. ఎక్కడా పట్టు లేదు, వాపు లేదు, నొప్పి లేదు.

"రెండు."

చెయ్యి ఒళ్లోంచి కదల్లేదు. ఇరవయ్యేళ్లుగా ఎన్ని చేతులను బతిమాలిందో అంతగానూ దాన్ని బతిమాలింది. మునివేళ్లు చీర కుచ్చిళ్లను గట్టిగా పట్టుకున్నాయి.

"మూ..." అంటూ సూపరింటెండెంటు గారు ఆగిపోయారు. కళ్లు మూల వైపు తిరిగాయి. "ఎవరయ్యా అది, చెయ్యెత్తింది?"

అందరూ తలలెత్తారు. నిచ్చెన పైమెట్టు మీద అరగోడ ఉన్నాడు. మేస్త్రీ మనుషులు తక్కువై అతన్ని పంపాడు. కుడి చెయ్యి చెవిని రాసుకుంటూ నిటారుగా పైకి లేచి ఉంది, చేతిలో కుంచె పైకప్పుకు ఆని ఉంది. ఎనిమిది తొమ్మిది నెలల తర్వాత అది అతని మొదటి పైకప్పు.

"నేనేనండీ" అన్నాడు భయంగా. "మూల మిగిలిపోతేనూ..."

హెడ్ క్లర్కు మినిట్స్‌లో రాశారు: "సమావేశమందు ఒక చెయ్యి పైకి లేచి యున్నట్లు గమనించడమైనది. సదరు చెయ్యి సభ్యునిది కాదు, వృత్తిరీత్యా లేచినది. కావున లెక్కలోనికి తీసుకొనలేదు." దాని కింద ఏకగ్రీవం ముద్ర పడింది.

అందరూ వెళ్లాక అరగోడ నిచ్చెన దిగి, చెయ్యి మళ్లీ ఒకసారి ఎత్తి దించి చూపించాడు. "లేచిందమ్మా! చూశారా?"

"చూశానన్నా. నీది లేచింది" అంది కీళ్లమ్మ. ఆమెకు సంతోషమూ సిగ్గూ ఒకేసారి వచ్చాయి, రెండిటికీ కళ్లనీళ్లు ఒకటే కాబట్టి అతనికి తేడా తెలియలేదు. తెలిసినా తెలియనట్టే ఉన్నాడేమో. మేస్త్రీ చెప్పిన ప్రకారం వరండాలోకి వెళ్లి, కేంద్రం ముందు మరకలుండకూడదు కాబట్టి, తన పెన్సిలు గీతలన్నిటి మీదా కింది నుంచి పై దాకా తెల్లరంగు వేశాడు.

ఈ కథ చదువుతున్నవారు కూడా తమ భుజం ఎలా ఉందో చూసుకోవచ్చు. కూర్చున్నచోటే కుడి చెయ్యి చెవిని తాకేదాకా పైకెత్తండి. లేచిందా? చాలా సంతోషం, మీ కండరాలకు ఏ జబ్బూ లేదు. ఎవరూ లెక్కపెట్టనప్పుడు అందరిదీ లేస్తుంది.